తల్లి తిన్నంక మాట తిరగదు

మా ఇంట్లోకి కుక్క రాకముందే కుక్క గొడవ వచ్చింది. మా అబ్బాయి సుధాకర్ లాబ్రడార్ పిల్లను కొందామంటాడు. వాడి కూతురు శ్రావ్య, దిక్కులేని కుక్కలను సాకేచోటి నుంచి ఒకదాన్ని తెచ్చుకుందామంటుంది. సూర్యాపేటలో ఒకే ఇంటి కప్పు కింద ఉంటూ తండ్రీకూతుళ్లు నెలరోజులుగా నా ద్వారానే మాట్లాడుకున్నారు. వాడు పొద్దున ఆఫీసుకు వెళ్తూ నీ మనుమరాలికి చెప్పమంటాడు, అది సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి నీ కొడుక్కి చెప్పమంటుంది. చివరికి ఇద్దరూ కలిసి తీర్పు నా నెత్తిన పెట్టారు. పగలంతా ఇంట్లో ఉండేది నేను, అన్నం పెట్టేది నేను, కాబట్టి ఏ కుక్కో నేనే తేల్చాలట. పెద్దరికం ఇచ్చినట్టే ఇచ్చి పని అంటగట్టడం మా వాళ్లకు బాగా తెలుసు.

నేను ఇంట్లో ఉంటానన్నది కూడా సగమే నిజం. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన దగ్గర్నుంచి నాకు ఒకచోట కూర్చోవడం చేతకాలేదు. కరివేపాకు కోసమని బయలుదేరి మార్కెట్టు దాటి, బస్టాండు దాటి, ఎవరింటికో పోయి టీ తాగి వస్తాను. అత్తమ్మ కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతదని మా కోడలు చుట్టుపక్కల వాళ్లతో అంటుంది, నా ముందే అంటుంది. అయితే ఈ నెలరోజుల తిరుగుడు వేరు. టీ పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను. తలుపు తాళం వేసి, వేశానో లేదోనని సందు చివరి నుంచి వెనక్కి వచ్చాను. కుక్క అన్న మాట ఇంట్లో వినపడ్డప్పటి నుంచే ఇది. కారణం నాకొక్కదానికే తెలుసు. నా చిన్నతనంలో మా ఇంట్లో ఒక కుక్క ఉండేది. దాన్ని ఎంచుకున్న రోజు నేను నోరు విప్పాల్సింది, విప్పలేదు.

ముందు కోదాడ సంగతి చెప్పాలి. అక్కడ ఒకాయన ఇంటి వెనక రేకుల షెడ్డులో జాతికుక్కలను ఈనిపించి పిల్లలను అమ్ముతాడని ఎవరో చెబితే ఒక ఆదివారం ముగ్గురం వెళ్లాం. ఊరికే చెడు చెప్పకూడదు, ఆ షెడ్డు మా వంటింటికన్నా శుభ్రంగా ఉంది. ఫినాయిల్ వాసన, దాని అడుగున పచ్చిపాల వాసన. మీగడ రంగు పిల్లలు ఐదు, పొట్టలు నేలకు తగిలేటట్టు దొర్లుతున్నాయి. ఒకటి వచ్చి నా చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగింది. నా మనసు కరిగింది, దాచుకోవడం ఎందుకు? ఆయన ఫైలు తెరిచి వాటి తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చదివాడు. నా పెళ్లప్పుడు కూడా ఇన్ని తరాలు అడగలేదని నేనంటే శ్రావ్య నవ్వింది, సుధాకర్ నవ్వలేదు.

అప్పుడు నా చేయి దానంతట అదే పక్కనున్న స్టీలు గిన్నె అందుకుంది. పిల్లల వెనక్కి వెళ్లి తాళంచెవితో దానిమీద గట్టిగా కొట్టాను. ఐదూ ఉలిక్కిపడి మూలకు ఉరికాయి. ఆయన కంగారుపడ్డాడు, సుధాకర్ తల దించుకున్నాడు. చెవులు బాగానే ఉన్నాయని మనసులో అనుకుని గిన్నె కింద పెట్టాను. వీటి తల్లి ఏదని అడిగాను.

"తల్లి ఇక్కడ లేదమ్మా, వేరేచోట ఉంచాం," అన్నాడు ఆయన మర్యాదగానే. "అయినా మీకు కావాల్సింది పిల్ల కదండీ."

ఆయన తప్పేమీ అనలేదు. బజారులో పాలు కొనేవాళ్లెవరూ బర్రెను చూపించమని అడగరు. కానీ తల్లిని చూడకుండా పిల్లను తెచ్చుకునే పద్ధతి నేను పుట్టిన ఇంట్లో లేదు. వచ్చే ఆదివారం లోపల ఏ సంగతీ చెప్తామని సుధాకర్ మాటిచ్చాడు. కారు సూర్యాపేట చేరేదాకా నేను కిటికీ అద్దం కిందకీ పైకీ తిప్పుతూనే ఉన్నాను.

మాది గొర్లు కాసిన ఇల్లు. గరిడేపల్లి దాపున ఒక చిన్న ఊరు. ఆ ఇల్లు తలుచుకుంటే ముందు వాసనలే గుర్తుకొస్తాయి. వానకు తడిసి దండెం మీద ఆరేసిన గొంగడి వాసన, దొడ్డిలో పెంటికల వాసన, పొద్దున్నే జొన్న గట్క ఉడికే వాసన. గట్క అంటే జొన్నరవ్వతో గట్టిగా వండే అంబలిలాంటిది, అందులో మా నాయనమ్మ సల్ల పోసి చేత్తో పిసికేది. మా తాత లింగయ్య నిద్ర లేవగానే ముఖం కడుక్కోకముందు దొడ్డి కాడికి పోయి ఒక్కో గొర్రె ముఖం చూసేవాడు. లెక్కపెట్టేవాడు కాదు. ఎవరు రాలేదో ముఖాలు చూస్తేనే తెలిసేది. చుట్ట వెలిగించుకున్నాక గానీ మనుషులతో మాట్లాడేవాడు కాదు. వరికోతలయ్యాక మందను రైతుల పొలాల్లో పడుకోబెట్టేవాళ్లం. ఎరువు వాళ్లకు, వడ్లు మాకు. ఇల్లు విడిచి నెలల తరబడి పొలం నుంచి పొలానికి మారేవాళ్లం. కుక్క లేని మంద తలుపు లేని ఇల్లని తాత అనేవాడు.

కుక్కపిల్లను ఎంచడంలో మా తాతకు పేరుండేది. నాలుగూళ్ల గొర్లకాపరులు కుక్క ఈనిందంటే ఆయన్ని పిలుచుకుపోయేవాళ్లు. ఆయన పరీక్ష ఒక్కటే. పిల్లలన్నీ ఆడుకుంటున్నప్పుడు వెనక నుంచి సిల్వర్ గిన్నె మీద కట్టెతో కొట్టించేవాడు. అదిరి తల్లి కిందకు దూరినవి ఇంటికి పనికొస్తాయి, అదరకుండా నిలబడ్డది మందకు పనికొస్తుంది. తోడేలు వచ్చినా అది అట్లాగే నిలబడుతుందని ఆయన నమ్మకం. ఎంచడం అయ్యాక నాయనమ్మ వంతు వచ్చేది. ఇంటి నుంచి కట్టుకెళ్లిన గట్కను తల్లికుక్క ముందు పెట్టి, అది తినేదాకా పక్కనే కూర్చునేది. "నీ బిడ్డను నా బిడ్డ లెక్క సూసుకుంట," అని చెప్పేది. తల్లి తినకపోతే పిల్లను తెచ్చేది లేదు. తల్లి తిన్నాక ఆ పిల్ల కుంటిదైనా గుడ్డిదైనా వాపసు ఇచ్చేది లేదు. తల్లి తిన్నంక మాట తిరగదు అనేవాళ్లు. అమ్మడం, కొనడం అన్న మాట కుక్కల విషయంలో నేను వినలేదు.

మా పాత కుక్క ముసలిదైపోయిందని ఒకసారి వేములపల్లి దగ్గర మా చుట్టాల మందకు వెళ్లాం. మూడోతరగతో నాలుగో తరగతో చదువుతున్నాను. నాలుగు పిల్లలున్నాయి. మూడు ఎర్రవి, ఒకటి తెల్లది. తెల్లదాని ఒక కన్ను బూడిద రంగులో ఉంది. అంత అందమైన ప్రాణిని నేను అప్పటిదాకా చూడలేదు. గిన్నె, కట్టె నా చేతికే ఇచ్చాడు తాత. ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. ఎర్రవి మూడూ తల్లి పొట్ట కిందకు దూరాయి. తెల్లది మాత్రం మట్టిలో ఏదో నాకుతూ తోక కూడా కదపలేదు. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. తాత గొంగడి భుజం మీద సర్దుకుని, అది పుట్టుకతోనే పులి అన్నాడు. దాని పేరు అదే అయ్యింది.

నాయనమ్మ గట్క కలుపుతోంది. పెద్దవాళ్లు మాటల్లో పడ్డారు. నేను ఆ పిల్ల వెనక కూర్చుని చిటిక వేశాను. తిరగలేదు. చెవి పక్కనే చప్పట్లు కొట్టాను. తిరగలేదు. దాని వీపు మీద వేలు పెట్టగానే ఎగిరిపడి తిరిగి నా చెయ్యి నాకింది. నాకప్పుడే తెలిసిపోయింది, అది ధైర్యం కాదని. చెప్పడానికి కావాల్సినంత సమయం ఉంది. తల్లి ఇంకా తినలేదు. చెబితే తాత ఎర్రదాన్ని ఎంచుతాడు, ఈ బూడిద కన్ను ఇక్కడే ఉండిపోతుంది. చుట్టాల ముందు తాతకు తలవంపులు అవుతాయని కూడా అనుకున్నాను. ఇది తర్వాత నేను కల్పించుకున్న సాకేమో, ఇప్పుడు చెప్పలేను. అది నాకు కావాలి అన్నది మాత్రం కల్పన కాదు. తల్లికుక్క గట్క తిన్నది, గిన్నె అడుగు కూడా నాకింది.

పది రోజుల్లో ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. తాత ఈల వేస్తే రాదు, గొంతు చించుకున్నా రాదు. పులి పిలిస్తే వస్తదా అని ఆయన కొన్నాళ్లు బుకాయించాడు. తోటి కాపరులు నవ్వితే లేచి వెళ్లిపోయేవాడు. వాపసు ఇచ్చే మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నాయనమ్మ ఒక చిన్న కంచుగంట తెచ్చి దాని మెడలో కట్టింది. మన మాట దానికి వినపడకపోతే దాని అడుగన్నా మనకు వినపడాలని ఆమె లెక్క. ఆ చెవిటి కుక్క రెండేళ్లు మందను కాసింది. అట్లా ఇట్లా కాదు, నిజంగా కాసింది. గొర్రెల చెవుల వైపు చూస్తూ పడుకునేది. గొర్రెలు చెవులు నిక్కపొడిస్తే తనూ లేచేది. వాటి చెవులతోనే అది విన్నది. నేను బడి నుంచి వస్తుంటే ఊరి బయట నా నీడను చూసి పరిగెత్తుకొచ్చేది. దాని మెడలో గంట, నా భుజాన పుస్తకాల సంచి, ఇద్దరం కలిసి చప్పుడు చేసుకుంటూ ఇంటికి పోయేవాళ్లం.

ఆ రెండో ఏడు ఎండాకాలంలో మందను పెద్ద రోడ్డు దాటించేటప్పుడు ఒక గొర్రెపిల్ల వెనక ఉండిపోయింది. పులి దానికోసం వెనక్కి పోయింది. లారీవాడు హారన్ కొట్టాడు, ఆగకుండా కొట్టాడు. గొర్రెపిల్ల హారన్ విని పక్కకు దూకింది. గంటను నాయనమ్మ విప్పలేదు, దాంతోనే పాతిపెట్టారు. తాత మట్టి కప్పి, చేతులు కడుక్కోకుండా అక్కడే కూర్చుని ఒకే ఒక్క మాట అన్నాడు. "గుండె సూసిన గని చెవులు సూడలే. నేనే సంపిన." నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడూ నోరు విప్పలేదు.

తర్వాత ఎవరు పిలిచినా తాత కుక్కను ఎంచడానికి పోలేదు, కళ్లు ఆనుతలేవని చెప్పి తప్పించుకునేవాడు. కళ్లు బాగానే ఆనేవి. దొడ్డిలో గొర్రె ముఖాలు చూసే కళ్లకు ఏమవుతుంది? నేను టీచర్ ట్రైనింగులో ఉండగా ఆయన దవాఖానలో పడ్డాడు. ఒక పగలంతా మంచం పక్కన కూర్చున్నాను. చెబుదామని వెళ్లి, బత్తాయి ఒలిచి పెట్టి వచ్చాను. మళ్లీ వెళ్లేసరికి ఆయన లేడు.

కోదాడ పోయొచ్చిన మూడో నాడు శ్రావ్య నన్ను మిర్యాలగూడకు లాక్కుపోయింది. మూతపడ్డ ఒక రైసు మిల్లు షెడ్డులో సరోజ అనే ఆమె రోడ్ల మీద దొరికిన కుక్కలను సాకుతోంది. యాభై ఏళ్లుంటాయి, అందరూ సరోజక్క అంటారు. పాత తవుడు వాసన ఇంకా పోలేదు, దానిమీద మందుల వాసన. కుక్కలన్నీ మా మీదకు ఎగబడ్డాయి, ఒక్క గోధుమరంగు ఆడకుక్క తప్ప. అది గోడకు ఆనుకుని మా చెప్పుల వైపే చూస్తోంది. శ్రావ్య నేరుగా పోయి దాని ముందు కూర్చుంది. దాన్ని రెండు ఇళ్ల వాళ్లు తీసుకెళ్లి రెండుసార్లు వాపసు తెచ్చారని సరోజక్క చెప్పింది. ఇంకోసారి తిరిగొస్తే అది తిండి మానేసి చస్తుంది, అందుకని తొందరపడి ఇవ్వనని కూడా చెప్పింది. గొంతులో ప్రేమ ఏమీ లేదు, నోటీసు చదివినట్టు చెప్పింది.

కోదాడ ఆయన మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు. ఈమె నోటుబుక్కు తెరిచి అరగంట అడిగింది. ఇల్లు సొంతమా కిరాయా, పగలు ఎవరుంటారు, ఊరికి పోతే ఎవరు చూస్తారు. పెళ్లిచూపుల్లో పిల్లవాడిని అడిగినట్టు అడుగుతోందని నేను లోపల నవ్వుకుంటున్నాను. అంతలో ఆమె పేజీ తిప్పి, నా ముఖం చూస్తూ అడిగింది. "ఇంతకుముందు కుక్కను సాదిండ్రా? అదేమైంది?"

"ముసల్దయి పోయింది," అన్నాను.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, దానికోసం ఇన్నేళ్లూ సాధన చేసినట్టే ఉంది. ఆమె రాసుకుంది. శ్రావ్య, నానమ్మకు కుక్క ఉండేదా అని ఆశ్చర్యపోయి దారిపొడుగునా దాని కబుర్లు అడిగింది. తెల్లగా ఉండేదని చెప్పి ఊరుకున్నాను.

తర్వాతి మూడు రోజులు నన్ను ఎవరూ భరించలేకపోయారు. బియ్యం రెండుసార్లు కడిగాను. లాబ్రడార్ అని ఒక పూట అనుకున్నాను. తల్లి కనపడకపోతే నాకేం, ప్రశ్నలు లేవు, హాయి. ఇంకో పూట ఆ గోధుమరంగుది గుర్తుకొచ్చేది. సుధాకర్ ఊరుకోలేక, "నీకు ఇష్టం లేకుంటే కుక్కే వద్దమ్మా, గింత పరేషాన్ ఎందుకు?" అన్నాడు. నాకు ఇష్టం లేక కాదని వాడికి ఎట్లా చెప్పను? ఏ కుక్కను తేవాలన్నది నాకు సమస్యే కాదు. నా చేతికి ఇంకో కుక్కను ఇవ్వొచ్చా అన్నదే సమస్య. అది కోదాడలో తేలదు.

శనివారం పొద్దున జొన్నరవ్వ దంచి గట్క వండాను. ఆ వాసన ఆ వంటింట్లో మొదటిసారి లేచింది. కోడలు వచ్చి ఏందత్తమ్మా ఇది అని మూత తీసి చూసింది. సల్ల పోసి పిసికి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, మార్కెట్టుకని చెప్పి మిర్యాలగూడ బస్సెక్కాను. డబ్బా ఒళ్లో వెచ్చగా ఉంది. ప్రతి స్టాపులోనూ దిగిపోదామనిపించింది.

సరోజక్క గిన్నెలు కడుగుతోంది. కూర్చోమంది, నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. బూడిద కన్ను, సిల్వర్ గిన్నె, చప్పట్లు, లారీ, తాత అన్న మాట. అరవై దాటిన మనిషిని, చెప్పడం పూర్తయ్యేసరికి నాలుగో తరగతి పిల్లలాగా ఏడుస్తున్నాను. ఆమె ఓదార్చలేదు. చేతులు చీరకు తుడుచుకుని ఆ గోధుమరంగు కుక్క వైపు చూసింది.

"నేను గూడ మీకు ఒకటి చెప్పలే," అంది. "దీని చెవులు మంచిగనే ఉన్నయ్. మనిషి చెప్పులేసుకుంటే చాలు, ఇగ రారనుకుంటది. వచ్చేదాకా ఏడుస్తనే ఉంటది. పక్కింటోళ్లు లొల్లి చేస్తే వాపస్ తెచ్చిండ్రు. ముందే చెప్తే ఎవ్వరూ తీస్కపోరని చెప్పలే."

అది మా చెప్పుల వైపే ఎందుకు చూసిందో అప్పుడు అర్థమైంది. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. కాలుగాలిన పిల్లికీ చెప్పులు చూస్తే ఏడ్చే కుక్కకూ ఎట్లా పొత్తు కుదురుతుంది? ఉన్న సంగతే చెప్పాను. నేను ఇంటిపట్టున ఉండే మనిషిని కాను, అయినా కరివేపాకుకు పోయినా బస్టాండుకు పోయినా దాన్ని వెంటేసుకునే పోతాను, మందతో నడిచిన కాళ్లే ఇవి అన్నాను. దాన్ని వాపసు తెచ్చిన ఆ రెండిళ్ల వాళ్లు కూడా మొదట ఇట్లాగే మాటిచ్చారని ఆమె అంది.

అప్పుడు డబ్బా మూత తీశాను. మా ఇంటి పద్ధతి చెప్పాను. దీని తల్లి ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఇన్నాళ్లు సాకింది నువ్వు, కాబట్టి ఇది నువ్వే తినాలి అన్నాను. "నువ్వు తింటే ఇగ నేను దీన్ని వాపస్ తెచ్చుడు ఉండది. అది ఏడ్సినా ఉండది, పక్కింటోళ్లు కొట్టినా ఉండది."

సరోజక్క నన్నొకసారి, డబ్బానొకసారి చూసింది. రెండుసార్లు వాపసు వచ్చిన కుక్కను సాకిన మనిషి, మాటలను అంత తేలిగ్గా నమ్మదు. అయినా కింద కూర్చుంది. వేళ్లతో ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఉప్పు జర తక్కువైందంది. తింటూనే ఉంది. నేను మా నాయనమ్మ కూర్చున్నట్టే, డబ్బా ఖాళీ అయ్యేదాకా పక్కన కూర్చున్నాను. ఆ నెలలో నేను కదలకుండా కూర్చున్నది అదొక్కసారే.

చెయ్యి కడుక్కొచ్చి ఆమె నోటుబుక్కు తీసింది. ముసలిదై పోయిందన్న మాట కొట్టేసి, ఆ కుక్క పేరేమిటని అడిగి పైన రాసుకుంది. రాసింది నాకు చదివి వినిపించింది. "పులి. చెవులు వినపడవు. లారీ కింద వడ్డది. ఈమెకు ముందే తెలుసు."

సరిగానే రాశానా అని అడిగింది. సరిగానే ఉందన్నాను. పెన్ను నా చేతికిచ్చింది. ఆ నాలుగు మాటలూ మా తాతకు చెప్పాల్సినవి. ఆయన లేడు కాబట్టి వాటి కింద సంతకం పెట్టాను.